జాయిన్ అయ్యేదాకా శుభాకాంక్షలు చెప్పని చిన్నాయన

పొద్దున పాలు కాస్తుంటే ఫోన్ మోగింది. "అక్కా, నాయిన పోయిండు" అన్నాడు మా చిన్నాయన కొడుకు. మంచం మీద నుంచి లేవబోయి కూలబడ్డాడట, దవాఖానకు తీసుకుపోయే లోపే ఊపిరి ఆగిందట. నాకు మొదట ఏడుపు రాలేదు, నమ్మకం కుదరలేదు. ఎందుకంటే ముందు రోజు సాయంత్రమే ఆయన నన్ను ఫోన్‌లో గట్టిగా కోప్పడ్డాడు. అంత కోపం ఉన్న మనిషి తెల్లారేసరికి ఎట్లా పోతాడు? పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక కానీ నాకు తెలివి రాలేదు. ఆ కోపం నా ఉద్యోగం గురించి. అది చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మాది కోదాడ దగ్గర చిలుకూరు. ఆయన సూర్యాపేటలో స్థిరపడ్డాడు. ఒక కార్యాలయంలో నియామకాల ఫైళ్లు చూసే సెక్షన్‌లోనే సర్వీసంతా గడిపి రిటైరయ్యాడు. ఆయనకు భయం ఎక్కువ. బస్సు పదింటికైతే తొమ్మిదింటికే బస్టాండ్‌లో ఉంటాడు. గ్యాస్ కట్టేశామా లేదా అని సగం దారిలో నుంచి వెనక్కి వస్తాడు. "పెండ్లి నాడు మూడు ముళ్లు పడ్డయా లేవా అని పంతులును మళ్ల అడిగిండు మీ చిన్నాయన" అని చిన్నమ్మ నలుగురిలో ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు కాదు. "అడిగితే తప్పేముంది?" అనేవాడు.

రిటైరయ్యాక ఆదివారాలు ఆయన ఇంటి వరండా నిండిపోయేది. పోటీ పరీక్షలు రాసే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఆయన పాఠాలు చెప్పేవాడు కాదు. "సిలబస్ మీకు కోచింగోళ్లు చెప్తరు. నోటిఫికేషన్ ఎవలూ చెప్పరు" అని దాన్ని ఒకరి చేతికి ఇచ్చి పైకి చదవమనేవాడు. చదివేవాళ్లు నోరు తిరగక ఏ మాట దగ్గర గబగబా దాటేస్తే అక్కడే ఆపేవాడు. "ఆ మాట కాడికి మళ్ల రా. మనిషి మునిగేది దుంకి పోయిన కాడనే." ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కు పోతుందో చెప్పే వరుసను రోస్టర్ అంటారు, ఆ మాట దగ్గర అందరం దుంకేవాళ్లం. సాగర్ కాలువ కింద పెరిగిన పిల్లలం కాబట్టి మాకు అర్థమయ్యేటట్టు చెప్పేవాడు. "నీళ్ల వంతు లెక్క అది. నీ వంతు రాందే నీ మడికి నీళ్లు రావు. నువ్వెంత మంచి రైతువైనా సరే, తూము కాడ వరుస చూస్తరు."

మోతె నుంచి వచ్చే ఒక పిల్లకు ప్రతిదానికీ తొందర. "సార్, నాకు మంచి మార్కులు వచ్చినయ్. జాబ్ వచ్చినట్టేనా?" అని అడిగిందొకసారి.

"మార్కులు నువ్వు తెచ్చుకుంటవ్ బిడ్డా. కటాఫ్ మంది తెస్తరు."

"వన్ ఈజ్ టు టూ లిస్ట్‌ల నా నంబరుంది గద సార్?"

"ఒక్క పోస్టుకు ఇద్దరిని పిలుస్తరు, ఒక్కరికే ఇస్తరు. నీ పక్క కుర్చీల కూసున్న పిల్ల కూడ ఒక తల్లి కన్న బిడ్డనే. అది యాదుంచుకో."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది. ఎవరినీ నిరుత్సాహపరచడం ఆయనకు ఇష్టముండేది కాదు. ఆశ పెట్టడమంటే మాత్రం భయం. అందుకే ఏ లిస్టులో ఎవరి పేరు వచ్చినా శుభాకాంక్షలు చెప్పేవాడు కాదు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ను ఓర్వలేని మనిషి అనుకునేవాళ్లు. కొంతకాలం మా అత్తమ్మ కూడా అట్లాగే అనుకుంది.

నా పేరు సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచిన లిస్టులో వచ్చిన రోజు సంగతి అది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్. ఆయన స్నేహితులు సంతోషం ఆపుకోలేక మా సందు మొగదల పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'ప్రభుత్వ ఉద్యోగం సాధించిన మా వదినమ్మకు హార్దిక శుభాకాంక్షలు' అని, కింద వాళ్ల ఫొటోలు నా ఫొటో కంటే పెద్దవి. అత్తమ్మ వాడకట్టంతా లడ్డూలు పంచింది. ఆ మధ్యాహ్నమే చిన్నాయన సూర్యాపేట నుంచి బస్సు దిగి వచ్చాడు. ఫ్లెక్సీ చూసి చెమటలు పట్టాయి ఆయనకు. టీ కొట్టు దగ్గర స్టూల్ అడుక్కొని, దాని మీదెక్కి తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం మనిషయ్యా! సొంత బిడ్డకు మంచి జరిగితే సంబురం లేదా?" అంది అత్తమ్మ.

ఆయన స్టూల్ మీద నుంచే మా ఆయన్ను అడిగాడు. "అల్లుడా, మీ మిల్లు గేటు బయట వడ్ల లారీలు ఆగుతయి గద. అవి లోపలికి వచ్చినట్టేనా?"

"రాలే మామా. తేమ చూడాలె గద."

"తేమ ఎక్కువుంటే?"

"తిప్పి పంపుతం."

"మరి మన పిల్ల ఇంక గేటు బయటనే ఉంది. వీళ్లు పిలిచిండ్రు, ఇయ్యలే. కాయితాలు చూసి తిప్పి పంపితే ఈ సందుల మొఖం ఎట్ల చూపిస్తది?"

మా ఆయన పోయి రెండో వైపు తాళ్లు విప్పాడు. అత్తమ్మ ఆ రోజు చిన్నాయనకు మంచినీళ్లు ఇచ్చింది కానీ అన్నం తినిపొమ్మని అడగలేదు.

ఆయన భయం ఊరికే కాదని తొందరలోనే తెలిసింది. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మా అమ్మకు జబ్బు చేస్తే నేను సరిహద్దు దాటి, ఆంధ్రా వైపున్న అమ్మమ్మ ఊళ్లో మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి అక్కడే మొదలుపెట్టి, దసరా సెలవుల తర్వాత చిలుకూరు బడికి వచ్చాను. ఆ నాలుగో తరగతి ఎటు పడితే నేను అటే. అటు పడితే నాన్‌లోకల్ అయిపోతాను, పోస్టులు దాదాపు అన్నీ లోకల్ వాళ్లకే కాబట్టి ఉద్యోగం రాదు. చిన్నాయనతో కలిసి కోదాడలో జిరాక్స్ తీయించుకుంటుంటే ఆ షాపాయన మా మాటలు విని, "ఇంత టెన్షన్ ఎందుకండీ? మూతపడిన ప్రైవేటు స్కూలు పేరు మీద ఏడేళ్లకీ కలిపి ఒకటే బోనఫైడ్ సర్టిఫికెట్ తెప్పించేద్దాం. అందరూ చేస్తన్నదే" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. చిన్నాయన నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చాడు. "అబద్ధం ఒక్కసారి సర్వీసులకు వచ్చిందంటే నీతోనే ఉండి నీతోనే రిటైర్ అయితది. తలుపు సప్పుడైనప్పుడల్ల ఉలిక్కిపడుకుంట బతుకుతవా? భయంతో బతుకుడు ఎట్లుంటదో నన్ను చూస్తలేవా?" అన్నాడు.

రెండు బళ్ల కాగితాలూ ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. పరిశీలనలో నా పేరు పక్కన పెండింగ్ అని పెట్టారు. ఆ మాట పడినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. చిన్నాయనకు నిద్ర లేదని చిన్నమ్మ చెప్పింది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఏమన్న వచ్చిందా?" అనేవాడు, రాలేదంటే "వస్తది, వస్తది" అని తనకు తనే చెప్పుకొని పెట్టేసేవాడు. చివరికి, నాలుగో తరగతి వార్షిక పరీక్ష చిలుకూరులో రాశాను కాబట్టి లోకల్‌గానే లెక్కించారు. ఎంపిక జాబితాలో నా నంబరు వచ్చింది. నేను ఏడ్చుకుంటూ ఫోన్ చేశాను. "పైన ఏమని రాసిండ్రు? తాత్కాలికం అని ఉందా?" అన్నాడు. ఉంది. "మరింకేం, ఏడుపు దాసుకో."

కోదాడలో పోస్టింగ్ ఇస్తూ ఆర్డర్ వచ్చింది. చేరడానికి గడువూ ఇచ్చారు. అప్పుడు అడ్డం పడింది మూఢం. అత్తమ్మ పంచాంగం చూపించింది. మూఢం వెళ్లాక వచ్చే మొదటి మంచిరోజు, గడువులో ఆఖరు రోజు ఒక్కటే అయ్యాయి. ఇన్నాళ్లకు వచ్చిన కొలువు, మంచి చూసుకొని చేరితే నిలుస్తుందని ఆమె భయం. ఆ భయాన్ని కొట్టేయడం నావల్ల కాలేదు.

చిన్నాయన మండిపడ్డాడు. "మూఢం పెండ్లికి చూస్తరు, కొత్త ఇంటికి చూస్తరు. జీతానికి మూఢం ఏంది?" ఒకప్పుడు తన సెక్షన్‌కు గడువు దాటిన మర్నాడు ఒక పిల్లవాడు చేరడానికి వచ్చాడట. కొత్త చొక్కా, నుదుట బొట్టు. కుదరదని చెప్పాల్సింది చిన్నాయనే. ఆ పిల్లవాడు కోప్పడలేదట, బతిమాలలేదట, గుమ్మంలో నిలబడి గోడ మీద క్యాలెండర్ వైపే చూస్తూ ఉండిపోయాడట. ఆ ముఖం ఇప్పటికీ కళ్ల ముందుకు వస్తుందన్నాడు. పోయే ముందు రోజు సాయంత్రం ఆయన కోప్పడింది ఇందుకే. "రేపే పోరాదు! ఆఖరు రోజు బస్సు చెడిపోతే? సారు సెలవు పెడితే? ఒకవేళ ఆ రోజే పోతే జాయినింగ్ కాయితం ఫోర్‌నూన్‌లనే ఇయ్యి, ఇంటున్నవా? పగటాల దాటితే ఆ రోజు లెక్కకు రాదు." మధ్యాహ్నం తర్వాత చేరితే మరుసటి రోజు నుంచే సర్వీసు లెక్కపెడతారు. ఆఖరు రోజున ఆ మరుసటి రోజంటే గడువు దాటిన రోజే. సరే అన్నాను. అదే మా ఆఖరి మాట అయింది.

ఆఖరు రోజు, ఆయన మూడో రోజు ఒకటే అయ్యాయి.

మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, కాలిన చోట ఆకులో పెట్టి కాకి కోసం చూస్తారు. అది వచ్చి ముట్టేదాకా ఎవరూ కదలరు. సూర్యాపేట బయట ఆ ఎండలో అందరం నిలబడ్డాం. ఆయన దగ్గర నోటిఫికేషన్లు చదివిన పిల్లలు చాలామంది వచ్చారు, వాళ్లలో ఇప్పుడు పంచాయతీ కార్యదర్శులున్నారు, కానిస్టేబుళ్లున్నారు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి కానీ కిందికి దిగలేదు. పొద్దు పైకి జరుగుతూ ఉంది. నేను ఫోన్‌లో టైమ్ చూడడం, సిగ్గుపడి కొంగు కింద దాచుకోవడం. కన్నతండ్రి లాంటి మనిషి బూడిద ముందు నిలబడి ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసింది. మా ఆయన పక్కకు వచ్చి మెల్లగా, "ఫైలు బండి డిక్కీల తెచ్చిన" అన్నాడు.

అత్తమ్మ విన్నది. "మైలల కొత్త కొలువుకు పోతరా ఎవలన్న? అరిష్టం" అంది.

గుంపులో ఎవరో, "కాకి ముడుతలేదంటే మనిషికి ఏదో కోరిక మిగిలింది" అన్నారు.

కింద కూర్చొని ఉన్న చిన్నమ్మ తలెత్తింది. "ఆయన కోరిక నాకెరికే. ఈ పిల్ల గీడ నిలబడ్డంత సేపు కాకి రాదు" అంది. తర్వాత నా వైపు చూసి, "పో బిడ్డా. తొవ్వల బోరింగు కాడ కాళ్లు కడుక్కో" అంది. పిల్లలు పక్కకు జరిగి మాకు తోవ ఇచ్చారు.

కోదాడ దాకా నేను దారి చూడలేదు, మా ఆయన భుజం పట్టుకొని కళ్లు మూసుకున్నాను. మేం చేరేసరికి ఇంకా పన్నెండు కాలేదు. ఆఫీసులో సూపరింటెండెంట్ నా చెదిరిన జుట్టు, మాసిన చీర చూసి ఏదో అడగబోయి మానేశారు. కాగితం ఇచ్చి, "ఈ రోజు పూర్వాహ్నం విధుల్లో చేరుతున్నాను అని రాయండమ్మా" అన్నారు. రాశాను. కింద సంతకం చేశాను. సారు కంగ్రాట్స్ చెప్పారు. ఆ మాట ఇంకొకరి నోట వినాల్సింది.

సాయంత్రం దాకా మిగిలిన కాగితాలన్నీ రాయించుకొని, మర్నాటి నుంచి రమ్మని సారు పంపించేశారు. సూర్యాపేట చేరేసరికి పొద్దు వాలింది. ఇంట్లో, ఆయన్ను పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. చిన్నమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. కాకి వచ్చిందా అని నేను అడగలేదు, అడగడానికి భయం వేసింది.

"ఇచ్చినవా?" అంది.

"ఇచ్చిన చిన్నమ్మా."

"ఏమని రాసిన్రు?"

"ఫోర్‌నూన్ అని."

ఆమె దీపం వైపు తిరిగింది. పక్క గదిలో పేపర్ చదువుకుంటున్న మనిషికి చెప్పినట్టు గొంతు పెంచింది.

"ఏమయ్యా, ఇన్నవా? ఫోర్‌నూన్‌లనే ఇచ్చిందట. ఇగ భయపడకు."