చేపలక్క బొటనవేలు

సూళ్లూరుపేటలో మా వీధికి పులికాట్ చేపలు తెచ్చే అక్క, ఏ చేపనైనా బొటనవేలితో నొక్కి చూపించేది. నొక్కిన చోట కండ వెంటనే పైకి లేస్తే తాజా చేప. అయినా ఆమె అక్కడితో ఆగేది కాదు. "ఐసులో పెట్టిన చేప వేలిని మోసం చేస్తాది, కళ్లు చూడాల" అంటూ దాని కళ్లు కూడా చూపించేది.

యాభై దాటాక ముఖంలో ముడతలు చూసుకుని నాకు కుదురు లేకుండా పోయింది. ఎవరికీ చెప్పకుండా రైలెక్కి చెన్నై పోయి, చెంపలకు కొల్లాజెన్ ఇంజెక్షన్లు చేయించుకొచ్చాను. సూదుల వాపు తగ్గింది, ముడతలు పోయాయి. అవి మళ్లీ ఎప్పుడొస్తాయోనని గంటకోసారి అద్దం దగ్గరికి పోయేదాన్ని. అర్ధరాత్రి కూడా లేచి లైటేసి చూసుకునేదాన్ని.

ఆ వారం గంప దించుతూనే అక్క నా ముఖం వైపు చూసింది. అడక్కుండానే, చేప వాసన కొట్టే బొటనవేలితో నా చెంప నొక్కింది.

"బాగానే లేస్తా ఉండాదమ్మా" అంది.

నవ్వబోయాను. ఆమె వేలు తీయకుండానే ముందుకు వంగి, నా కళ్లలోకి చూసింది.

"నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

ఆ రోజు నేను అక్క కళ్లూ, చేప కళ్లూ చూడకుండానే చేప కొన్నాను.