తొమ్మిదో వంతు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. మా పర్చూరులో ఎవరైనా ఏదో చూశానని మొదలుపెడితే, ఎన్ని గంటలకి, ఎంత దూరం నుంచి, వెలుతురు ఎంత ఉంది అని అడిగి నోరు మూయించేవాణ్ని. ఇప్పుడు నన్నూ అలాగే అడుగుతారని తెలుసు కాబట్టి టైములతో సహా రాస్తున్నాను. ఇది జరిగింది మిట్టమధ్యాహ్నం, పది మంది మసలే చోట.

గుంటూరు చుట్టుపక్కల మిరపకాయల కోల్డ్ స్టోరేజీల్లో వైర్లు లేని సెన్సర్లు పెట్టడం నా పని. ఛాంబర్లలో చలి ఎంతుందో, అమ్మోనియా గ్యాస్ ఎక్కడైనా లీకవుతోందో అవి కనిపెట్టి ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కు కబురు పంపుతాయి. లోపలికి వెళ్లే మనుషుల మెళ్లోనూ ఒక్కో ట్యాగ్ ఉంటుంది. దాని మీద ఒక బటన్. ప్రమాదమైతే నొక్కాలి.

ఇవన్నీ ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడదు. అందుకని ఒక్కోదానికి ఒక్కో వంతు ఇస్తాం. రెండు సెకన్లకొక చుట్టు, చుట్టుకు ఇరవై నాలుగు వంతులు. అన్నిటి గడియారాలూ ఒకటే చూపించాలి, తన వంతు రాగానే చెప్పేసి ఊరుకోవాలి. మా పనిలో ఆలస్యంగా వచ్చిన నిజం అబద్ధంతో సమానం. గ్యాస్ లీకైన సంగతి పావుగంట తర్వాత తెలిస్తే ఎవరికి లాభం?

నేను చెప్పబోయే స్టోరేజీ పేరు రాయను. అక్కడ హమాలీల మేస్త్రి మస్తాన్ గారని పెద్దాయన ఉండేవారు. పొదిలి మనిషి. నేను వెళ్లక ముందు అక్కడి సెన్సర్లూ కంప్యూటరూ అన్నీ ఆయనే. మనుషులు ఛాంబర్ లోపల ఉన్నంతసేపూ తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవారు. కొంతసేపటికొకసారి ఇనప కొక్కెంతో తలుపు చట్రం మీద రెండు దెబ్బలు కొట్టేవారు. ఉన్నారా అని అడగడం అది. లోపలి నుంచి ఒక దెబ్బ రావాలి. ఉన్నాం అని జవాబు. చివరగా బయటికొచ్చిన మనిషి అరచేత్తో తలుపు మీద మూడు దెబ్బలు కొడితే అందరూ వచ్చేసినట్టు. ఆ మూడు దెబ్బలూ పడేదాకా ఆయన అన్నానికీ లేచేవారు కాదు, నమాజుకీ లేచేవారు కాదు.

నా సెన్సర్లు వచ్చాక ఈ కొట్టుడు అక్కర్లేదని ఓనరుకు చెప్పింది నేనే. తలుపు దగ్గర ఒక మనిషి కూలీ మిగిలిందని ఆయన సంతోషించాడు. మస్తాన్ గారికి తొమ్మిదో నంబరు ట్యాగ్ ఇచ్చి, ఇక మీరు ఫ్యాను కింద కూర్చోవచ్చన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండుసార్లు నొక్కి, జవాబు కోసం చూశారు. రాలేదు. జవాబు పెడితే ఒక్కో వంతుకు పట్టే టైము రెట్టింపవుతుందని, చుట్టు పెద్దదవుతుందని, అందుకే తీసేశానని చెప్పాను.

"చెప్పేది మేం చెప్తాం అబ్బాయ్. మీరు ఇన్నారని మాకెట్టా తెలిసిద్ది?" అన్నారు.

నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన మార్చిలో గుండెపోటుతో పోయారు, పొదిలిలో, ఇంట్లోనే. కొక్కేన్నీ ట్యాగ్‌నీ గుర్తుగా ఉంచుకుంటానని ఆయన భార్య ఖాసింబీ గారు అడిగితే, నేనే బ్యాటరీ తీసేసి ఇచ్చాను. తొమ్మిదో వంతు మాత్రం ఖాళీగా వదిలేశాను. సీజన్ మధ్యలో వరస మారిస్తే ప్రతి పరికరానికీ కొత్త వరస చెప్పుకుంటూ రావాలి. ఆ తలనొప్పి ఎందుకని బద్ధకించాను, అంతే. స్క్రీన్ మీద ఒక్కో వంతుకు ఒక్కో గీత, కబురొస్తే వెలుగుతుంది. ఎనిమిదికీ పదికీ మధ్య ఒక నల్ల గీత ఉండిపోయింది.

అక్కడ సూపర్‌వైజర్ మా బావ ఆంజనేయులు, మా అక్క భర్త. పత్తి వరసగా దెబ్బతీశాక నేనే ఆ ఉద్యోగం ఇప్పించాను. నాలుగో నంబరు ట్యాగ్ ఆయనది. "ఏరా బామ్మర్దీ, గొడ్డుకి గంట కట్టినట్టు నాకిదేందిరా?" అని ఒకటే వేళాకోళం. గుర్తుండటానికి దాని తాడుకు ఆయన చిన్న కూతురు ఎర్ర రిబ్బను ముడేసింది.

అది మే నెల. బయట నిప్పులు చెరిగే ఎండ. నేను ఆఫీసు గదిలో ఒక పాత సెన్సర్ విప్పుకుని కూర్చున్నాను. ఒంటిగంటా పదకొండు నిమిషాలకు స్క్రీన్ మీద తొమ్మిదో గీత వెలిగింది. బటన్ రెండుసార్లు నొక్కినట్టు. కాసేపు ఆగి, మళ్లీ రెండుసార్లు.

మొదట నాకు విసుగొచ్చింది. పక్క పరికరం గడియారం తప్పి తన వంతు కాని చోట మాట్లాడుతోందనుకున్నాను. అలా జరుగుతుంది. కానీ ఎనిమిదీ పదీ ఎవరి వంతులో అవి శుభ్రంగా మాట్లాడుతున్నాయి. పైగా వచ్చిన కబురులో పంపినవారి నంబరు తొమ్మిదనే ఉంది. దాన్ని అందుకున్నది మూడో ఛాంబర్‌లోని రిసీవర్.

ట్యాగ్‌లన్నీ ఎక్కడున్నాయో చూశాను. బావ నాలుగో నంబరు మూడో ఛాంబర్ తలుపు బయట, క్షేమం. మిగతావీ బయటే. లెక్క ప్రకారం లోపల ఎవరూ లేరు. ఎవరైనా ఆటపట్టిస్తున్నారేమో చూద్దామని లేచాను. కంగారుపడి కాదు, తిట్టడానికి వెళ్లాను. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

మూడో ఛాంబర్ తలుపుకు గడియ పెట్టి ఉంది. పక్కన మేకుకు ఒక ట్యాగ్ వేలాడుతోంది. తాడుకు ఎర్ర రిబ్బను.

బావకు ఫోన్ చేస్తే అందుబాటులో లేదంది. ఛాంబర్ లోపల సిగ్నల్ ఉండదు. గడియ తీసి తలుపు లాగాను. లోపల చీకటి, చలి, మిరపకాయల ఘాటు. బావా అని పిలిచాను. బయట మెషీన్ల హోరులో నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. ఏం చేయాలో తోచక, చేతిలో ఉన్న స్పానర్‌తో తలుపు చట్రం మీద రెండు దెబ్బలు కొట్టాను. అలా కొట్టాలని ఎందుకనిపించిందో చెప్పలేను.

లోపలి నుంచి ఒక్క దెబ్బ వినిపించింది.

లైటు వేసి, అరిచి హమాలీలను పిలిచాను. మూడో వరసలో టిక్కీలు, అంటే మిరపకాయల గోతాలు, నిలువునా కూలిపోయి ఉన్నాయి. ఒక్కోటి నలభై కిలోల పైమాటే. వాటి కింద బావ నడుం దాకా ఇరుక్కుపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతిలో తాళంచెవుల గుత్తి, పక్కన ఇనప స్తంభం.

జరిగింది తర్వాత తెలిసింది. కొనుగోలుదారు వస్తున్నాడని ఒంటిగంటకు పావుగంట ముందు బావ మచ్చుకు కాసిని కాయలు తీయడానికి లోపలికెళ్లాడు. వంగి గోతం విప్పేటప్పుడు ట్యాగ్ తాడు తగులుకుంటోందని బయట మేకుకు తగిలించాడట. అందరూ అలాగే చేస్తారట, నాకే తెలియదు. అన్నానికి వెళుతూ ఏడుకొండలు అనే హమాలీ మేకుకు ట్యాగ్ చూసి, సూపర్‌వైజర్ గారు బయటికొచ్చేశారనుకుని, లైటు ఆర్పి గడియ పెట్టాడు. నా స్క్రీన్ కూడా అదే నమ్మింది. మనిషిని వదిలేసి ట్యాగ్‌ను కాపలా కాశాను.

ఇంకో గంట ఉంటే చెప్పలేమన్నారు డాక్టర్. కాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి వరండాలో అక్క నా చెయ్యి పట్టుకుని, నువ్వు ఆ మిషను చూస్తూ ఉండబట్టే మనిషి దక్కాడురా అని ఏడ్చింది.

బావ తేరుకున్నాక నన్ను పిలిచి అడిగాడు, బయటి నుంచి అంతసేపు కొట్టినోళ్లు తలుపెందుకు తియ్యలేదని. టిక్కీలు మీద పడిన కాసేపటికే తలుపు చట్రం మీద రెండు దెబ్బలు వినపడ్డాయట. తను స్తంభానికేసి ఒకటి కొట్టాడట. కాసేపాగి మళ్లీ రెండు. నిద్ర ముంచుకొస్తున్నప్పుడల్లా ఆ చప్పుడే లేపిందట.

"కొక్కెం చప్పుడురా బామ్మర్దీ. నాకు తెలవదా," అన్నాడు.

నేను కొట్టింది ఒక్కసారి, స్పానర్‌తో. ఏడుకొండలూ మిగతా హమాలీలూ ఆ టైములో షెడ్డు కింద అన్నాలు తింటున్నారు. ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఆ తలుపు దగ్గరకు ఎవరూ వెళ్లలేదు.

ఇక్కడితో అయిపోతే, ఏదో కాకతాళీయం అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ని. అవలేదు. ప్రమాదం జరిగిన రోజు సాయంత్రమే, ఆసుపత్రిలో ఫోన్‌లో ఆ స్క్రీన్ తెరిస్తే తొమ్మిదో గీత ఇంకా వెలుగుతోంది. రెండు నొక్కులు, విరామం, రెండు నొక్కులు. మూడో ఛాంబర్ రిసీవరే.

లోపల ఇంకా ఎవరో ఉన్నారేమోనన్న భయం నన్ను పట్టుకుంది. హమాలీలందరి పేర్లూ పిలిపించాను. అందరూ ఉన్నారు. పొద్దున్నే మూడో ఛాంబర్ గాలించాం. వరసలు జరిపి మళ్లీ గాలించాం. ఓనరు విసుక్కున్నాడు. రిసీవర్ మార్చాను, ఫ్రీక్వెన్సీ మార్చాను, మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టాను. చుట్టు మొదలవగానే తొమ్మిదో వంతులో మళ్లీ అదే. మూడు రోజులు అన్నం సహించలేదు. ఫోన్ చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం.

నాలుగో రోజు ఉదయం పొదిలి వెళ్లాను. ట్యాగ్ అమ్మేశారేమో, పిల్లలెవరైనా బ్యాటరీ వేశారేమోనని చివరి ఆశ. ఖాసింబీ గారు ట్రంకుపెట్టె తెరిచి గుడ్డమూట తీసి నా చేతికిచ్చారు. కొక్కెం ఉంది, ట్యాగ్ ఉంది. బ్యాటరీ గూడు ఖాళీ. దాన్ని ఎడమ చేతిలో పట్టుకుని కుడిచేత్తో ఫోన్ తెరిచాను. తొమ్మిదో గీత వెలిగింది, రెండుసార్లు.

దాచుకోలేక ఆమెకు అంతా చెప్పేశాను. ఆమె బెదరలేదు, ఏడవలేదు. కొంగుతో కొక్కేన్ని తుడుస్తూ విన్నారు.

"మీ బావ గారు బయటికొచ్చాక మూడు దెబ్బలు కొట్టారా బాబూ?" అని అడిగారు.

ఎలా కొడతాడు? టిక్కీల బండి మీద పడుకోబెట్టి తోసుకుపోయాం. ఆ మాటే చెప్పాను.

"మరి ఆయనకెట్టా తెలిసిద్ది," అన్నారు ఆమె.

గుంటూరు వచ్చేదాకా బస్సులో ఆమె మాటే తిరగేసుకుంటూ కూర్చున్నాను. ఇలాంటి మాట విని నేను నడుచుకోవడం ఏమిటన్న సిగ్గు ఒకపక్క. మర్నాడు బావను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతుంటే, దారిలో స్టోరేజీ దగ్గర ఆటో ఆపించాను. అక్క నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. విషయం చెవిలో చెబితే బావ మాత్రం వెంటనే దింపమని చెయ్యి చాపాడు. ఒకపక్క నేను, ఒకపక్క ఏడుకొండలు పట్టుకుంటే, పిండికట్టు కాలు ఎత్తిపట్టి మూడో ఛాంబర్ దాకా కుంటుకుంటూ వచ్చాడు.

అరచేత్తో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

"వచ్చేశా మేస్త్రీ. లోపలెవురూ లేరు. ఇంక నువ్వు పోయి అన్నం తిను," అన్నాడు.

నేను ఫోన్ చూస్తూ నిలబడ్డాను. ఉదయం పదకొండూ నలభై రెండు. తొమ్మిదో గీత వెలిగింది. ఈసారి ఒక్కసారే. నాలుగు రోజుల్లో ఎప్పుడూ రెండు తప్ప ఒకటి రాలేదు. తర్వాత చుట్టులో ఆ గీత నల్లబడింది. ఇప్పటిదాకా మళ్లీ వెలగలేదు.

ఆ నాలుగు రోజుల రికార్డూ నా దగ్గర ఉంది. నాకంటే తెలిసిన ఇద్దరికి చూపించాను. ఒకాయన గడియారాల తేడా అన్నాడు, ఇంకొకాయన వేరే చోటి సిగ్నల్ వచ్చి కలిసిందన్నాడు. చివర్లో వచ్చిన ఆ ఒక్క నొక్కు ఏమిటని అడిగితే ఇద్దరూ టీ తాగి వెళ్లిపోయారు. వాళ్లను అనడానికేముంది, నాకూ తెలియదు. దయ్యాలున్నాయని ఇవాళ్టికీ అనలేను.

ఇప్పుడు నేను పెట్టే ప్రతి చోటా ట్యాగ్‌లకు జవాబు వెళుతుంది. నొక్కగానే చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. వంతులు తగ్గాయి, ఖర్చు పెరిగింది, ఓనర్లు గొణుగుతారు. ఆ స్టోరేజీలో తలుపు దగ్గర స్టూలు మళ్లీ వచ్చింది. దాని మీద ఏడుకొండలు కూర్చుంటున్నాడు.

మొదటి ట్యాగ్ నొక్కి ఆకుపచ్చ లైటు వెలగడం చూసిన రోజున, మస్తాన్ గారూ, విన్నామండీ అని పైకే అనేశాను.