లెఫ్టిన్‌కీ లెఫ్టౌట్‌కీ నడుమ

ఇప్పటి పిల్లలు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతుంటే నాకు సగం మాటలు అర్థం కావు. మా కాలంలో, అంటే పంతొమ్మిదివందల ముప్ఫైలలో, ముందు వరసలో ఐదుగురం ఆడేవాళ్ళం. నడిమధ్య సెంటర్ ఫార్వర్డ్. అతనికి అటూ ఇటూ రైటిన్, లెఫ్టిన్. ఇంకా అవతల, సున్నం గీతల పక్కన రైటౌట్, లెఫ్టౌట్. ఏలూరు మిషన్ స్కూల్లో మా డ్రిల్లు మాస్టారు ఇదంతా తడినేల మీద కర్రతో గీసి చెప్పేవారు. వింటున్నంతసేపూ అర్థమైనట్టే ఉండేది. ఆటలోకి దిగగానే అందరం కలిసి బంతి వెనకాల పడేవాళ్ళం.

నేను లెఫ్టిన్. మాది గుండుగొలను దగ్గర కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబం. నేను హాస్టల్లో ఉండి చదివేవాణ్ణి. నా పక్కన ఆడే లెఫ్టౌట్ ఊళ్ళో పెద్ద బట్టలకొట్టు వాళ్ళబ్బాయి. వాళ్ళ నాయనమ్మకి మడీ ఆచారం జాస్తి. మా పేటవాళ్ళని తాకి వస్తే తలమీద నీళ్ళు పోసుకుంటే గాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఎవరినీ తాకకుండా ఆడేదైతేనే ఆడమని ఆవిడ షరతు. గీత పక్కనే ఉంటానని అతను మాటిచ్చాడు. ఆ మాట తప్పిన రోజున అతని ఆట సరి.

అందుకే మేమంతా బంతి చుట్టూ మూగినా అతనొక్కడూ గీత విడిచి వచ్చేవాడు కాదు. అసలు సంగతి తెలియని మాస్టారు, చోటు విలువ తెలిసినవాడు వీడొక్కడేనని మురిసిపోయేవారు. నాకు నవ్వూ వచ్చేది, కడుపూ మండేది. కానీ అతను చెడ్డవాడు కాడు. బంతి అతని కాళ్ళ దగ్గరికే ఇస్తే అవతలివాళ్ళు వచ్చి మీద పడతారు. అందుకని అతనికి కాస్త ముందుగా, మా ఇద్దరికీ నడుమ, ఎవరూ లేని చోటికి బంతి వదిలేవాణ్ణి. అతను పరుగున వచ్చి అందుకుపోయేవాడు. మనిషికి కాదు, ఖాళీకి ఇవ్వాలన్న మాస్టారి పాఠం నాకు అలా వంటబట్టింది. పెద్దింటివాడని నేనతన్ని మీరు అనేవాణ్ణి. “ఏవండీ, పరిగెత్తండీ” అని కేకేస్తే అవతలి జట్టు పడీపడీ నవ్వేది.

తాడేపల్లిగూడెం వెళ్ళి అక్కడి స్కూలుతో ఆడిన రోజున మా పప్పులు ఉడకలేదు. వాళ్ళ బ్యాకు, అంటే వెనక వరసలో అడ్డుకునేవాడు, సరిగ్గా ఆ ఖాళీలోనే వచ్చి నిలబడ్డాడు. సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు లేదు. మాస్టారు మా ఇద్దరినీ పిలిచి చోట్లు మార్చుకోమన్నారు. నేను గీత దగ్గరికి, అతను లోపలికి. లోపలంటే గోలు ముందు, ఒకళ్ళమీద ఒకళ్ళు పడే చోటు. పైగా కొట్టుకి సరుకు కొనడానికి ఆ ఊరొచ్చిన అతని బాబాయి ఎండకి గొడుగేసుకుని గీత పక్కనే నిలబడి చూస్తున్నాడు. నేనే లోపల ఉంటానని మాస్టారికి చెప్పబోయాను. ఈలోగా అతను “వెళ్తానండీ” అన్నాడు.

ఆట ముగియబోతుండగా గీత దగ్గర నాకు బంతి దొరికింది. బ్యాకు వెనక చోటు ఖాళీగా కనిపించింది. అక్కడికి వదిలాను. అతను ఇద్దర్ని తోసుకుంటూ వెళ్ళి గోలు కొట్టి, వాళ్ళతోపాటు ముందురోజు వాన బురదలో పడ్డాడు. నేను పరుగున వెళ్ళి, అలవాటుకొద్దీ బారెడు దూరంలో ఆగిపోయాను. అతను చెయ్యి చాచాడు.

“ఏం చూస్తావ్, లేపు.”

లేపాను. వాళ్ళ బాబాయి అంతా చూస్తూనే ఉన్నాడు.

ఆట కాగానే ఆయన మా దగ్గరికి వచ్చి, పక్కనున్న కాలవలో మునిగి రమ్మని అతనికి చెప్పాడు. ఇక ఇతని ఆట ముగిసిందనుకుని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అతను మెట్లు దిగి, కాళ్ళు మాత్రం కడుక్కుని పైకొచ్చాడు. తల పొడిగానే ఉంది. ఆయన ఆ తలకేసి చాలాసేపు చూసి, భుజం మీది కండువా తీసి ఇచ్చాడు.

“తల తుడుచుకో. తడితో రైలెక్కితే జలుబు చేస్తుంది. మునిగావని మీ నాయనమ్మకి నేను చెప్తాలే.”

అతను పొడి తలని శ్రద్ధగా తుడుచుకుని, కండువా నాకిచ్చాడు. నేను మొహం తుడుచుకున్నాను. బాబాయి దాన్ని నా చేతిలోంచే తీసుకున్నాడు. మళ్ళీ భుజాన వేసుకోలేదు, పారెయ్యనూ లేదు. ఓ కొస పట్టుకుని స్టేషన్ దాకా అలాగే నడిచాడు.

అంతమాత్రానికే ఆ రోజు నాకు కడుపు నిండిపోయింది. రైల్లో పాటలు కూడా పాడాను. అంత కొద్దిదానికి అంతగా పొంగిపోయానే అని ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ సంతోషం మాత్రం ఇంకా పోలేదు.