సమృద్ధిగా ఉన్న పిట్ట

ఎనామిల్ రంగు వాసన నాకు పడదు. ఒకసారి ముక్కులో దూరిందంటే మూడు రోజులపాటు పప్పులోనూ మజ్జిగలోనూ అదే వాసన. పోయిన నెల బండ్రి దారిలో ఒక గని కంపెనీవాళ్లు జీవవైవిధ్య ఉద్యానమని ఒకటి తెరుస్తూ, హాస్యం రాసేవాణ్ణని నన్ను నాలుగు నవ్వించే మాటలు చెప్పమని పిలిచారు. గేటు దాటగానే ఆ వాసన గుప్పున కొట్టింది. లోపల సిమెంటు జింకలు, సిమెంటు చిరుత, రోడ్డు రోలరు కింద పడినా చావనంత లావు సిమెంటు కొండచిలువ. ఒక్కటీ మేయదు, కరవదు, కంపెనీకి ఏ ఇబ్బందీ పెట్టదు. వాటి నడుమ బర్రెదూడంత పిట్ట ఒకటి. పెయింటర్ నిచ్చెన మీద నిలబడి దాని గొంతుకు పసుపు పూస్తున్నాడు. నన్ను చూసి, గొంతు ఇంత పసుపుంటుందా, ఇంకొంచెం తగ్గించాల్నా అని అడిగాడు. పదిమంది తిన్న పెళ్లిని పదివేలమంది తిన్నారని చెప్పే నేను, నాకు తెలియదు అన్నాను. ఆ పిట్టను నేను సరిగ్గా ఒక్కసారి కూడా చూడలేదు. చూసినాయన ఒకరుండేవారు. ఆయన పేరు దేవదానం సారు.

పదిహేనేళ్ల కిందట హొసపేటలో, మోటార్లు చుట్టే అంగడి పైన, రెండు గదుల ఆఫీసులో నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. కొండను తవ్వాలంటే ముందు ఆ కొండ మీద ఏయే చెట్టూ పురుగూ పిట్టా బతుకుతున్నాయో సర్కారుకు నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు తయారుచేసే ఆఫీసు మాది. కొండెక్కి చూసేది సారు, కంప్యూటర్లో కొట్టేది నేను, కింద సంతకం ఆయనది. మనిషి ఎంత సన్నమంటే గాలొచ్చినప్పుడు గొడుగు ఆయన్ను పట్టుకునేది. ఆయన చెప్పులకు నాకంటే రెండేళ్లు ఎక్కువ వయసు. బళ్లారిలో పాత మిషను సంఘానికి చెందిన కుటుంబం వాళ్లది. వాళ్ల నాయన ఆ చర్చిలో పెద్ద. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆయన పుస్తకం తెరిచి ఇంటింటి పేరూ పిలిస్తే, ఆ ఇంటివాళ్లు లేచి ఉన్నామని పలికేవాళ్లట. వరసగా మూడు ఆదివారాలు ఏ ఇల్లైనా పలకకపోతే పెద్ద స్వయంగా ఆ గడపకు పోయి చూడాల్సిందే. చూడకుండా పుస్తకంలో గీత కొట్టకూడదు, చూడకుండా కొత్త పేరూ ఎక్కించకూడదు.

ఆ పద్ధతినే సారు కొండ మీదికి తెచ్చారు. ఏ వాలుకైనా మూడు పొద్దులు పోవాలి. కంటికి కనబడితేనో చెవికి వినబడితేనో ఉన్నట్టు. మూడు పొద్దులూ పలకకపోతే లేనట్టు. ఆయన నోటు పుస్తకంలో పిట్ట పేరు, పక్కన అంకె, అంతే. నాకేమో అంకె అంటే అన్నంలో రాయి. చాలా, బోలెడు, లెక్కలేనన్ని అనకుండా నాకు వాక్యం లేవదు. ఒకరోజు పొద్దున ఆఫీసుకు ఆలస్యంగా వచ్చి, బస్టాండులో కిక్కిరిసి జనం, ఈగ దూరే సందు లేదు సార్ అన్నాను. ఆయన తలెత్తకుండానే ఎంతమంది అని అడిగారు. నేను వంద అన్నాను. ఆయన ఊరికే చూశారు. యాభై అన్నాను. ఇంకా చూస్తూనే ఉన్నారు. చివరికి పద్నాలుగుమంది దగ్గర బేరం తెగింది.

మా ఆఫీసుల్లో ఒక అలవాటుంది, బయటివాళ్లకు తెలియదు. ఏ నివేదికా మొదటి అక్షరం నుంచీ రాయరు. పాతదాన్ని తెరిచి, ఊరి పేరూ కంపెనీ పేరూ మార్చి, కొత్త అట్ట వేస్తారు. నేను చేరిన కొత్తలో అట్లా ఒక రేవు పట్టణం నివేదికను తెచ్చి మన సండూరు కొండలకు తొడిగాను. పేర్లన్నీ మార్చాను గానీ జంతువుల పట్టిక మరిచాను. సంతకానికి పోయిన కాగితం సారు చేతిలో చాలాసేపు ఉంది. తర్వాత నన్ను పిలిచి, మెల్లగా అన్నారు.

"ఈ సముద్రపు తాబేళ్లు హొసపేట దాకా రైల్లో వచ్చినాయా వీరేశా? టిక్కెట్టు తీసుకునే వచ్చింటాయిలే పాపం."

ఆఫీసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వితే తప్పు మాఫీ అయిపోతుందని అప్పట్లో నా నమ్మకం.

బండ్రి దాటాక జాలికొండ అని ఒకటుండేది. దాని పడమటి వాలులో, బండల సందుల్లో, పసుపు గొంతు పికిలిపిట్టలు ఉండేవి. కొండపికిలి అంటారు. ఊళ్లో కనబడే పికిలి లాంటిది కాదు, రాళ్లూ ముళ్లపొదలూ ఉన్న కొండ తప్ప ఇంకోచోట బతకదు. సారు నన్ను రెండుసార్లు తీసుకుపోయి చూపించారు. "అద్దో" అని ఆయన వేలు చూపడం, నా తల తిరిగేలోపల అది రాయి వెనక్కి పోవడం, రెండుసార్లూ ఒకే కథ. పదకొండు పిట్టలు, అని రాసుకున్నారు. గని కంపెనీ అడుగుతున్నది ఆ పడమటి వాలునే. తక్కిన మూడు వైపులా కూడా చూసి, అక్కడ లేవని తేలితే, ఈ ఒక్క వాలునైనా వదిలేయమని ప్రజా విచారణలో గట్టిగా అడగొచ్చని ఆయన ఆశ. ఇంతలో ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ వచ్చిపడింది. మూడు వైపులా, వైపుకు మూడు పొద్దులు, తొమ్మిది పొద్దులు నువ్వే పోయి చూసి రా అని నన్ను పంపించారు.

నేను బండ్రి దాకా పోయాను. అంతవరకు నిజం. ఆ రోజు తుంపర పడుతోంది. బస్సు దిగినచోటే ఒక గుడిసె హోటలు, లోపల ఉగ్గాని, పక్కన నా చెయ్యంత మిరపకాయ బజ్జీలు. రేపు పోదాంలే అనుకున్నాను. రేపు కూడా బజ్జీలు వేడిగానే ఉన్నాయి. తొమ్మిది పొద్దులూ ఆ బల్ల మీదే తెల్లారాయి. పదో రోజు ఆఫీసులో కూర్చుని, కొండ నాలుగు వైపులా కొండపికిలి సమృద్ధిగా ఉన్నది, అని కొట్టాను. సోమరితనం ఒక్కటే అయితే లేదని రాసినా సరిపోయేది. కానీ కంటికి కట్టుతో ఇంట్లో పడుకున్న మనిషికి, నీ పిట్ట కొండంతా ఉంది అని చెబితే ఎంత సంతోషపడతాడో అనిపించింది. పేషెంటును చూడబోతూ ఆపిలుపండ్లు తీసుకుపోయినట్టు నేనొక అబద్ధం తీసుకుపోయాను.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. చూసినావా అని అడిగారు, చూసినా సార్ అన్నాను. ఎన్ని అన్నారు. లెక్కపెట్టలేనన్ని అన్నాను. బస్టాండు జనాన్ని పద్నాలుగుకు దించిన మనిషి, ఆ రోజు ఇంకో ప్రశ్న వేయలేదు. కట్టు లేని కంట్లో నీళ్లు తిరిగాయి. పెన్ను ఎక్కడుందో తడుముకుని సంతకం చేశారు.

ప్రజా విచారణ బండ్రి పక్కన ఒక బడి ఆవరణలో, షామియానా కింద జరిగింది. మైకు గీపెట్టిన మోతకు కొండ మీది కోతులన్నీ జిల్లా దాటిపోయి ఉంటాయి. సారు నల్లద్దాలు పెట్టుకుని లేచి, పడమటి వాలు తవ్వితే పదకొండు కొండపికిళ్లు పోతాయని, కొండ రాళ్లు తప్ప వాటికి ఇంకో చోటు లేదని చెప్పారు. గొంతు పెంచలేదు. కంపెనీ తరఫు ఆయన ఎంతో మర్యాదగా లేచి, మా నివేదిక తెరిచి, నా వాక్యం చదివాడు. నాలుగు వైపులా సమృద్ధిగా ఉంది కదా, ఒక వైపు పోతే పిట్టలు తక్కిన మూడు వైపులకు పోతాయి కదా అన్నాడు. తర్వాత ఆ కాగితం తెచ్చి సారు ముందు పెట్టాడు.

"ఈ సంతకం మీదేనా సార్?"

సారు నల్లద్దాలు తీసి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. సమృద్ధిగా అన్న మాట పక్కన అంకె కోసం వెతికారు, లేదు. తర్వాత వెనక్కి తిరిగి వరసలన్నీ వెతికారు. నేను మజ్జిగ డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాను. చేతిలో గ్లాసు. ఆయన నన్ను చూశారు. నా పేరు చెప్పి ఉండొచ్చు. చెబితే ఆ నివేదిక అక్కడే చెల్లకుండా పోయేదేమో, ఆ వాలు మిగిలేదేమో. నేనైనా నోరు తెరిచి ఉండొచ్చు. ఊళ్లో ఎవరి పెళ్లయినా మైకు లాక్కునేవాణ్ణి, ఆ పూట మైకు పది అడుగుల దూరంలో ఉంటే గ్లాసులో మజ్జిగ తాగుతూ నిలబడ్డాను.

"సంతకం నాదే," అని ఆయన కూర్చున్నారు.

తిరుగు బస్సు కూడ్లిగి దారిలో సగం దాటింది. అప్పుడు సారు కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగారు.

"సుమ్నే ఊరికే రాసేసినావా వీరేశా, పోకుండానే?"

"మీరు సంతోషపడతారని సార్."

"పడినానప్పా," అన్నారు. "ఒక వారం దినాలు పడినా."

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. ఉద్యోగం తీసేసినా బాగుండేది. మరుసటి సోమవారం నన్ను వెంటబెట్టుకుని జాలికొండ తక్కిన మూడు వైపులకూ బయల్దేరారు. ఒకవైపు పడమటి వాలులో అనుమతి రాకముందే యంత్రాలు పొదలు గీకేస్తున్నాయి. ఇంకోవైపు సారు బండ మీద కూర్చుని, రెండు వేళ్లు పెదవుల దగ్గర పెట్టి, ఆ పిట్ట కూతలాగా ఈల వేసి, ఆగేవారు. మళ్లీ వేసి, మళ్లీ ఆగేవారు. ఆ ఆగడం ఎంతసేపో నేను ఇప్పటికీ పెంచి చెప్పలేను. ఊరి పికిళ్లు పలికాయి. చిలకలు పలికాయి. ఎక్కడో లారీ హారను పలికింది. తొమ్మిదో పొద్దు ఆయన నోటు పుస్తకం నా చేతికిచ్చి, నువ్వే రాయి అన్నారు. లేదు, అని రాశాను.

నివేదిక తప్పు, సరిచేయండి అని ఆయన ఎన్ని ఉత్తరాలు రాసినా ఒకటే జవాబు, నివేదిక ఆమోదమై పోయిందని. రెండేళ్లకు ఆయన పోయారు. నేను ఆ పని మానేసి తోరణగల్లులో, ఫ్యాక్టరీ బస్సులు ఆగేచోట జిరాక్సు అంగడి పెట్టుకున్నాను. జాలికొండ సంగతి ఆ తర్వాత కూడా చెవిన పడుతూనే ఉండేది. ఉత్తరం వైపు అనుమతి కోరినప్పుడు, పిట్ట తక్కిన వైపులా సమృద్ధిగా ఉన్నదని నా వాక్యమే చూపించారు. తూర్పుకూ అదే చూపించారు. చివరికి దక్షిణం వైపు కూడా పోయింది. తక్కిన వైపులంటూ ఏవీ లేవని ఎవరికీ తట్టలేదు. ఒకే ఒక్క వాక్యంతో మొత్తం కొండను దించిన మొనగాణ్ణి, నాలుగు జిల్లాల్లో నాకు సాటి లేడు.

మొన్న ఒక మేడమ్ అంగడికి వచ్చి, పక్క కొండకు సంబంధించిన నివేదిక ఎనిమిది ప్రతులు తీసి స్పైరల్ వేయమంది. మా పాత ఆఫీసు లాంటిదే ఇంకో ఆఫీసు. కాగితాలు సర్దుతుంటే నా వాక్యం కనబడింది. పదిహేనేళ్లలో ఒక్క మాట అరగలేదు, ముందు ఏ కొండో మాత్రం చేర్చారు. పక్కనున్న జాలికొండ నాలుగు వైపులా కొండపికిలి సమృద్ధిగా ఉన్నది.

ఆ పిట్ట అక్కడ లేదని, ఆ వాక్యం నేనే బజ్జీలు తిని రాశానని ఆమెకు చెప్పాను. పడీపడీ నవ్వింది. మీ గురించి విన్నాను సార్, భలే చెప్తారు అంది. నిజం మేడమ్ అన్నాను. ఇంకా నవ్వింది. మూడోసారి చెప్పినప్పుడు నా ముఖం చూసి ఆగింది. జాలి పడుతున్నట్టే అంది:

"మీరు చెప్పేది నిజమే అనుకోండి సార్. లేదని రాయాలంటే మళ్లీ సర్వే చేయాల కదా. సర్వే చేసేకి జాలికొండ యాడుండాది?"

ఎనిమిది ప్రతులూ తీసి ఇచ్చాను.

వేరే జిల్లాల కొండల్లో ఆ పిట్టలు ఇంకా ఉన్నాయంటారు. ఉంటే మంచిదే, నేను పోయి చూడలేదు కాబట్టి రాయను. నా మాటలు చదివి నవ్వుకునే అలవాటు మీకుంది, తక్కినచోట్ల నవ్వుకోండి, అవి నేను పెంచి చెప్పినవే. జాలికొండ పడమటి వాలులో పదకొండు ఉండేవి. తక్కిన మూడు వైపులా ఒక్కటి కూడా లేదు. ఇది దేవదానం సారు తప్పు కాదు, నాది. ఈ నాలుగు మాటల్లో నేను దేన్నీ పెంచలేదు.