నిద్ర చేసిన ఇల్లు

మా వైపు భర్త పోయిన ఆడమనిషి పెద్దకర్మ అయిపోగానే నలుగురిలోకి వచ్చెయ్యకూడదు. ముందు పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. వాళ్ళింట్లో ఒక రాత్రి పడుకోబెట్టి, పొద్దున్నే తలకు పోసి, కొత్త చీర పెట్టి పంపాలి. దాన్ని నిద్ర చెయ్యడం అంటాం. అది అయ్యేదాకా ఆమె ఎవరి గడపా తొక్కదు.

ఆ ఆచారాన్ని నేను తప్పు పట్టను. దుఃఖంలో ఉన్న మనిషి తనంతట తాను బయటికి రాలేదు, ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి అని పెద్దలు అలా పెట్టారేమో అనుకుంటాను. పట్టుకోవాల్సిన చెయ్యే రాలేకపోతే ఏం చెయ్యాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

నాకు అమ్మా నాన్నా లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు. విజయపురి సౌత్‌లో కాలవల ఆఫీసులో పని. మా ఆయన పోయేనాటికే వాడి కూతురికి పెళ్ళి ముహూర్తం పెట్టేశారు. ముహూర్తం పెట్టుకున్న ఇంటికి నిద్రకు పిలవకూడదు. వాడు ఫోన్లో ఏడ్చాడు.

“పెళ్ళైన మర్నాడే కారేసుకొని వస్తానక్కా. అందాకా నన్ను తిట్టుకోబాకే.”

“నిన్నెందుకు తిట్టుకుంటాన్రా? పిల్ల పెళ్ళి చక్కగా చెయ్యి” అన్నాను. మనసులో కూడా అదే అనుకున్నాను.

కానీ ఆ పెళ్ళి అయ్యేలోపే సత్తెనపల్లిలో ఉన్న మా అమ్మాయికి నెలలు నిండుతాయి. తొలి కాన్పు. నేను వెళ్ళి పుట్టింటికి తెచ్చుకోవాలి. నిద్ర కాని మనిషిని, నిండు చూలాలున్న ఇంట్లోకి ఎట్టా రానిస్తారు? వాళ్ళ నాన్న పోయిన రోజున కూడా, కడుపుతో ఉన్న పిల్ల ఉండకూడదని చివరి చూపు కాగానే అత్తగారివాళ్ళు కారెక్కించి తీసుకెళ్ళిపోయారు. మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చింది కూడా లేదు. ఫోన్లో అది, “ఎప్పుడొస్తావమ్మా?” అంటుంది. నేను, “వస్తాలేమ్మా” అంటాను. అక్కడితో ఫోన్ పెట్టేస్తాం.

మా ఆయన లారీ డ్రైవరు. మాచర్ల నుంచి నాపరాళ్ళు వేసుకుని ఎక్కడెక్కడికో పోయేవాడు. మా కాపురంలో సగం ఎదురుచూపులే. అందుకే ఆయన పోయాక మొదట్లో నాకు అంత తెలియలేదని చెప్పాలి. మనసుకు తెలుసు, ఒంటికి మాత్రం అది మామూలు ట్రిప్పే. వీధి మలుపులో హారను వినపడితే కాళ్ళు వాటంతటవే స్టవ్ దగ్గరికి పోయేవి, టీ పెట్టడానికి. నెల దాటాక, ఇంత పెద్ద ట్రిప్పు ఎప్పుడూ లేదే అని ఒళ్ళు కూడా అడగడం మొదలుపెట్టింది. అప్పుడు మంచం పట్టినంత పనైంది.

నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే పలక ఇచ్చి దిద్దించాడు. ఆ పుణ్యాన పొద్దున్నే దీపం పెట్టుకుని పారాయణం చేసుకోగలుగుతున్నాను. మా ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో కళ్ళు మూసుకుని వింటూ పడుకునేవాడు. నేను ఆపితే, “కానియ్, వింటన్నా” అనేవాడు. ఆయన పోయాక పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడేవి గానీ పైకి చదవబుద్ధయ్యేది కాదు. కళ్ళతోనే చదువుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. దేవుడికి వినపడే ఉంటుంది.

మా ఎదురింటి ఆమె జాకెట్లు కుడుతుంది. వాళ్ళాయన లారీ మెకానిక్కు. మా ఆయన బండికి ఏం వచ్చినా అతనే చూసేవాడు. ముస్లిములే అయినా మా మధ్య వరసలు కలిసి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమెను మా ఆయన చెల్లెమ్మా అనేవాడు, ఆమె నన్ను వదినా అంటుంది. నేను బయటికి రాని ఆ రోజుల్లో పాలపాకెట్, కూరగాయలు ఆమే తెచ్చేది. గుమ్మంలో ఇచ్చి పోయే మనిషి కాదు. లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చుంటే ఒక పట్టాన లేవదు.

ఒకరోజు ఆమె ఉండగానే అమ్మాయి ఫోన్ చేసింది. కాళ్ళు నీరు పట్టాయనీ, డాక్టరమ్మ జాగ్రత్తగా ఉండమందనీ చెప్పి ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

“ఏంది వదినా, పోకుండా ఇట్టా కూర్చున్నావు?” అందామె.

నిద్ర సంగతి చెప్పాను. అంతా విని నోటి మీద వేలేసుకుంది.

“మాక్కూడా ఇద్దత్ అని ఉండిద్ది, బయటికి రాకూడదు. గడువు అయిపోతే మనమే లేచి వస్తాం. మీదేంది, ఒకళ్ళు వచ్చి తాళం తీస్తేగానీ తలుపు రాదా?”

“పుట్టింటివాళ్ళు రావాలి.”

“ఆడబిడ్డ పనికిరాదా?”

“నాకు ఆడబిడ్డలు ఎక్కడున్నారు? ఆయన ఒక్కడేగా.”

“ఓహో! మరి అన్న ఇన్నేళ్ళు నన్ను చెల్లెమ్మా అన్నది ఎందుకంట, మా ఆయన దగ్గర బేరం తగ్గిద్దనా?”

ఎన్నాళ్ళకో నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే ఏడుపూ వచ్చింది. ఆమె రెండూ పట్టించుకోలేదు.

“రేపు పొద్దుగూకేసరికి వచ్చి తీసుకుపోతా. ఏం చెయ్యాలో చెప్పు, ఒక్కటి కూడా తగ్గకుండా చేస్తా” అంది.

నాకు సంకోచం లేదని చెప్పను. దీపం ముందు కూర్చుని చానాసేపు ఆలోచించాను. ఎవరూ పిలవడం లేదని దేవుడి దగ్గర రోజూ మొరపెట్టుకున్నదాన్ని. పిలుపు వచ్చాక, ఇది ఫలానా ఇంటి నుంచే రావాల్సింది అని ఆయనతో పేచీ పెట్టుకోవడం బాగుండదనిపించింది.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వీధి దాటడం ఎంతసేపు? అయినా నేను తల వంచుకునే నడిచాను. ఆమె మాత్రం ఊరేగింపుకు తీసుకెళ్తున్నట్టు నడిచింది. అరుగు మీద కూర్చున్నవాళ్ళు చూస్తుంటే, “మా వదిన మా ఇంటికి నిద్రకు వస్తంది” అని అడక్కుండానే చెప్పింది.

పప్పూ, వంకాయ కూరా వండింది. “కొత్త గిన్నెలు. నీసు తగల్లేదు, దేవుడి తోడు” అంది.

“అంత అవసరం ఏముంది? నీ చేతి కూర నేను తినంది ఎప్పుడు?”

“నీకు అక్కర్లేదు, మీ సత్తెనపల్లి వియ్యపురాలు అడిగితే?”

ఆ రాత్రి వాళ్ళ ముందుగదిలో పరుపేసింది. ఎన్ని వారాలైందో ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టి. మసీదు మైకు వినిపించి లేచాను. మెలకువ రాగానే అలవాటుగా దణ్ణం పెట్టుకున్నాను. ఎటు తిరిగి పెట్టానో నాకే తెలియదు.

తలకు పోసింది. చీర తెచ్చి చేతిలో పెట్టింది. లేతాకుపచ్చ, సన్నంచు. “మీవాళ్ళు ఏ రంగు పెడతారో కనుక్కోలా. నీకేది నప్పుద్దో అదే తీశా” అంది. ఇక నాకు ఒకటి నప్పడమూ, ఇంకొకటి నప్పకపోవడమూ ఉంటుందని నేను అనుకోలేదు.

నేను గడప దాటుతుంటే, “మళ్ళీ రా వదినా” అనేసింది. నిద్రకు వచ్చిన మనిషిని అలా అనకూడదు. అలాంటి నిద్ర మళ్ళీ రావాలని ఎవరు కోరతారు? ఆమెకు ఆ పట్టింపు తెలియదు. నేనూ చెప్పలేదు. “వస్తాలే” అన్నాను.

ఇంటికొచ్చి వియ్యపురాలికి ఫోన్ చేశాను. దాచడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

“అన్నం పెట్టిందా వదినగారూ?”

“పెట్టింది.”

“తలకు పోసిందా?”

“పోసింది.”

“చీర?”

“పెట్టింది.”

“మరింకేం కావాలి? మా సొంతవాళ్ళే ఆ మాత్రం చెయ్యరు. బయల్దేరి రండి. ఇక్కడ ఈ పిల్ల మీ కోసం అన్నం సయించక చస్తంది.”

ఆ చీర మీదే సత్తెనపల్లి బస్సెక్కాను. వియ్యపురాలు కాళ్ళకు నీళ్ళిచ్చి పక్కకు జరిగింది. అమ్మాయి బరువుగా నడిచొచ్చి నా భుజం మీద తల పెట్టింది. తండ్రి కోసం దాచుకున్న ఏడుపంతా అక్కడ కక్కేసింది. నేనూ అంతే. వియ్యపురాలు లోపలికి పోయి, మా ఏడుపు అయ్యిందనిపించేదాకా బయటికి రాలేదు. ఆమెకు కూడా నేను రుణపడి ఉన్నాను.

తిరుగుప్రయాణంలో కారు మాట్లాడుకున్నాం. ఊరు దాటాక పిల్ల మొహం తేటపడింది.

“అమ్మా, గోంగూర పప్పు తినాలనుంది. పండుమిరపకాయలు నాలుగు వేసి.”

“ఇంట్లో గోంగూర లేదే తల్లీ.”

“నాన్నుంటే దారిలో ఆపేవాడు.”

నేను డ్రైవరు అబ్బాయికి చెప్పాను. రోడ్డు పక్కన ఆకుకూరల ముసలమ్మ దగ్గర కారాపాడు. అమ్మాయిని కూర్చోమని నేనే దిగాను. కట్టలన్నీ ఎత్తి చూసి, ముదురు ఆకు పక్కన పెట్టి, లేతది ఏరుకోవడం మొదలుపెట్టాను.