నిద్రపోయే జోజప్పకు నా తొమ్మిది అర్జీలు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద నమ్మకం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉండేది. కాకపోతే దేవుడితో పాటు జిరాక్సు మీద కూడా ఉండేది. ఏ పని మీద గడప దాటినా ఆధార్ కార్డు నకళ్ళు రెండు, పాస్‌పోర్టు ఫోటోలు నాలుగు, ఒక పెన్ను, ఆ పెన్ను రాయకపోతే ఇంకో పెన్ను నా సంచిలో ఉండాల్సిందే. తెలంగాణ వచ్చిన కొత్త అది. నర్సింగు చదువు ముగించి, దేవరకొండలో ఓ చిన్న ప్రైవేటు దవాఖానలో పనిచేస్తూ, సర్కారు స్టాఫ్ నర్సు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. (ఈ సంగతి నేను మరిచిపోయినా మా అవ్వ మరవనిచ్చేది కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు, వాళ్ళు టికెట్టు తీసుకునేలోపే చెప్పేసేది.) అమ్మా నాయినా పట్నంలో కట్టడం పనులకు పోతే నన్ను పెంచింది అవ్వే. ఆ ఉద్యోగం వస్తే కూలికి పోయే మా ఇంట్లో మొదటి సర్కారు జీతం నాది. రాకపోతే అవ్వ బస్సుల్లో ఏం చెప్పుకోవాలి?

అందరి ఇళ్ళలో దేవుడి ఆజ్ఞలు పది. మా ఇంట్లో పదకొండు. పదకొండోది అవ్వది: తెల్లకాగితం మీద వేలు పెట్టొద్దు. మా తాత పడుచుతనంలో పటేలు ఇంట్లో ఏమీ రాయని కాగితం మీద వేలిముద్ర వేశాడట. ఆ తర్వాత దాని మీద వాళ్ళకు కావలసింది వాళ్ళు రాసుకున్నారు. తాత ఎనిమిదేళ్ళు వాళ్ళ బర్లు కాశాడు. "అచ్చరం రానోనికి తెల్లకాయితం పాడువడ్డ బాయిసొంటిది బిడ్డా, లోతు తెల్వదు" అనేది అవ్వ. ఇంటికి ఎవరైనా ఏదైనా కాగితం తెస్తే నాతో పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివించుకుని గానీ బొటనవేలు బయటికి తీసేది కాదు. ఆ వేలికి కూడా ఒక కథ ఉంది. జొన్నకోతల్లో కొడవలికి తెగి, ముద్ర మధ్యలో అడ్డంగా ఒక గీత పడిపోయింది. రేషన్ షాపులో మిషను ఆ వేలిని ఎప్పుడూ ఒక్కసారికి ఒప్పుకునేది కాదు. "దీనికి నా మీద నమ్మకం లేదు, నాకు దీని మీద లేదు" అని మిషన్ని తిట్టి, చీరకొంగుకు వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టేది.

అట్లాంటి రోజుల్లో మా విచారణకు (మా చర్చి కిందున్న ఊళ్ళన్నిటినీ కలిపి అట్లా అంటాం) కొత్తగా వచ్చిన ఫాదర్, ఏసుప్రభువును పెంచిన తండ్రి పునీత జోజప్ప గారు నిద్రపోతున్న స్వరూపం ఒకటి తెచ్చి గుడిలో ఎడమపక్క చిన్న బల్ల మీద పెట్టాడు. మూరెడు పొడవు, సున్నపుబొమ్మ, తల కింద చెయ్యి పెట్టుకుని ఒత్తిగిలి పడుకుని ఉంటాడు. మా ఊరివాళ్ళు అప్పటిదాకా లిల్లీపువ్వు పట్టుకుని నిలబడ్డ జోజప్పనే చూశారు. "గీనకు పానం బాగలేదా?" అని వెనక వరుస ముసలమ్మలు నన్నే అడిగారు, నర్సును కదా అని. ఫాదర్ ప్రసంగంలో చెప్పాడు: "దేవదూత జోజప్పకు చెప్పిందంతా నిద్రలనే చెప్పిండు. మీ మనసుల ఉన్నది కాయితం మీద రాసి ఆయన కింద పెట్టుండ్రి. పెట్టి, ఇంటికి పోయి నిమ్మళంగ పండుకోండ్రి." మొదటిమాట నేను బాగానే విన్నాను. రెండోమాట దగ్గర సంచిలో పెన్ను వెతుక్కుంటున్నాను.

మొదటి అర్జీ ఒక్క వాక్యం. "ప్రభువా, జోజప్ప గారి ద్వారా నాకు ఉద్యోగం ఇప్పించుము." పెట్టి ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది. నాకు ఉద్యోగం ఉంది కదా, ప్రైవేటు దవాఖానలో! దేవుడు చూసి "ఉన్నదే" అనుకుంటే? మర్నాడు మధ్యాహ్నం గుడిలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, జోజప్పను మెల్లగా ఎత్తి, పాతది తీసి, "సర్కారు" అని చేర్చి పెట్టాను. ఆ వారమే దవాఖానలో నా పేరున్న అమ్మాయి ఇంకొకతి అదే పరీక్ష రాసిందని తెలిసింది. పొరపాటున ఆమెకు ఇచ్చేస్తే? మూడో అర్జీలో హాల్ టికెట్ నంబరు వేశాను. నాలుగోదానికి ఆధార్ జిరాక్సు జతచేశాను. (నవ్వకండి. ఇంటిపేరు అక్షరాలతో సహా సరిపోవాలి కదా.) ఐదోదాంట్లో ఊళ్ళు రాశాను: నల్గొండ, కాకపోతే మిర్యాలగూడ, అదీ కాకపోతే కల్వకుర్తి. ఆరోది కేవలం ఒక్కమాట కోసం: "అచ్చంపేట తప్ప." అక్కడ దవాఖాన గోడ దాటితే అడవేనని, ఎలుగుబంట్లు ఓపీ చీటీ లేకుండానే వస్తాయని మా సీనియర్ అక్క ఒకామె చెప్పింది. ఇట్లా తొమ్మిది దాకా వచ్చాను. తొమ్మిదోదాని కింద "ముందస్తు ధన్యవాదములతో" అని కూడా ఉంది.

నేను కనిపెట్టనిది ఏమిటంటే, గుడిగంట కొట్టే తాత నన్ను కనిపెడుతున్నాడు. ఎవరూ లేని వేళ వస్తుంది, సంచి పట్టుకుని వస్తుంది, జోజప్పను ఎత్తుతుంది, ఏదో సంచిలో వేసుకుని పోతుంది. ఆయన లెక్కలో నేను దొంగను. ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను తొమ్మిదోదాన్ని తీసి పదోది పెట్టబోతుంటే స్తంభం చాటు నుంచి దూకాడు. "దొరికినవ్ పిల్లా! జోజప్ప కిందికెంచి ఏం గుంజుతున్నవ్?" నేను ఉలిక్కిపడ్డాను, బల్ల ఊగింది, జోజప్ప జారాడు. నర్సు చెయ్యి కదా, మంచం మీంచి జారే రోగిని పట్టినట్టు తలకింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి వేసి పట్టేశాను. కాగితాలు మాత్రం, నావీ ఊరందరివీ, నేలంతా పరుచుకున్నాయి. తాత అరుపుకు ఫాదర్ పరుగెత్తుకొచ్చాడు. నేను జోజప్పను పసిపిల్లాడిలా ఎత్తుకుని నిలబడి, ఏడుస్తూ, జరిగిందంతా చెప్పేశాను. ఫాదర్ నా అర్జీని, దానికి పిన్ను కొట్టిన ఆధార్ జిరాక్సును చూశాడు. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. "అమ్మా, వారానికి రెండుమాట్ల లేపుతుంటే ఆయన ఎప్పుడు పండుకోవాలె, దేవునితోని ఎప్పుడు మాట్లాడాలె?"

సిగ్గుతో తల దించుకుని కాగితాలు ఏరుతున్నాను. ఎవరిదీ చదవకూడదని మడతలు మడతలుగానే ఏరుతున్నాను. అందులో ఒకటి దానంతటదే విచ్చుకుని ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు. కింద మూలన నీలిసిరాతో ఒక వేలిముద్ర. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక గీత.

ఆ కాగితాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే మడిచి జోజప్ప కింద పెట్టి ఇంటికి పరుగెత్తాను. అవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. "అవ్వా, తెల్లకాయితం మీద వేలు పెట్టినవా?" అన్నాను, ఏదో కొంప మునిగినట్టు. అవ్వ చాట ఆపలేదు. "పెట్టిన. పింఛన్ ఇచ్చే పోస్టాయన తాన సిరా అడుక్కొని పెట్టిన." "మరి నాకెందుకు వద్దంటివి?" "నేను వద్దన్నది మనుషులకు. దేవునికి ఇస్తే ఏమైతది? రాయరాని నేను ఏం రాద్దును? నా బిడ్డకు ఏది మంచిదో గది ఆయననే రాసుకోనీ అని ఇచ్చిన. పటేలు రాసుకున్నడు గద మీ తాత కాయితం మీద. దేవుడు గంతకన్న చెడ్డోడా?" అని, నా మొహం చూసి, "నువ్వు మస్తు రాసినవంట గద" అంది. గంట తాత నాకంటే ముందే వచ్చి వెళ్ళాడు!

ఆ ఆదివారం నేనూ ఒక తెల్లకాగితం తీసుకుని సంతకం పెట్టాను. పెట్టేముందు రెండుసార్లు పెన్ను మూత తీసి పెట్టాను. ఏళ్ళ తరబడి విన్న ఆజ్ఞ మరి. సంతకం ఒక్కటే పెట్టి జోజప్ప కిందికి తోశాను. (అబద్ధం ఎందుకు, వెనకవైపు సన్నగా హాల్ టికెట్ నంబరు వేశాను. ఒక్కరోజులో ఎంతని మారతారు మనుషులు?)

ఉద్యోగం వచ్చింది. ఊరు అచ్చంపేట.

అవ్వ పడీపడీ నవ్వింది. అంత నవ్వినా, చేరే రోజు ఇస్తిరీ చీర కట్టుకుని నాతోపాటు బస్సెక్కింది. డిండి దాటేలోపే బస్సు సగానికి తెలిసిపోయింది, ఈ పిల్ల సర్కారు నర్సమ్మ అని. నేను తల దించుకున్నట్టు నటించాను గానీ లోపల నాకూ గర్వంగానే ఉంది. దవాఖాన ఆఫీసులో గుమాస్తా చేరిక కాగితం నా ముందుకు తోసి వేలితో చోటు చూపించాడు. పెన్ను తీశానో లేదో, వెనక నుంచి అవ్వ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. "సదివి పెట్టు." "అవ్వా, దేవునికి తెల్లకాయితమే ఇస్తివి గద" అన్నాను గొణుగుతూ. అవ్వ గుమాస్తాను ఎగాదిగా చూసింది. "ఈయన దేవుడా?" అంది. గుమాస్తాతో సహా గదంతా నవ్వింది. నేను పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

ఎలుగుబంట్లు రాలేదు. వచ్చింది చెంచు పెంటల నుంచి, అంటే అడవిలోపలి వాళ్ళ గూడేల నుంచి, పురుళ్ళకు, జ్వరాలకు నడిచొచ్చే ఆడవాళ్ళు. మొన్న ఒక ముసలామె కోడలికి కాన్పు ఆపరేషను. ఒప్పుకోలు కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. మా దవాఖానలో నా దగ్గరికి వచ్చిన ఏ కాగితమూ చదివి వినిపించకుండా వేలు పెట్టించను. అది నా పదకొండో ఆజ్ఞ. రెండోసారి చదవడం మొదలుపెట్టగానే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సాలు బిడ్డా. గాయింత నాకేం సమజైతది? నువ్వున్నవు గద" అని, బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది.

అవ్వ పోయి రెండేళ్ళయింది. ఆ వేలి కింద ఆ క్షణం ఎంత బరువుందో అడగడానికి ఆమె లేదు. పటేలుకు తాత ఇచ్చిందీ, దేవుడికి అవ్వ ఇచ్చిందీ ఈ ముసలామె తెచ్చి నా చేతిలో పెట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ఒక తెల్లకాగితం తీసి సంతకం పెట్టి, ఊరికి పోయినప్పుడు జోజప్ప కింద పెడదామని సంచిలో దాచాను. వెనకవైపు ఏమీ రాయలేదు. ఆ హాల్ టికెట్ నంబరు మాత్రం ఇప్పటికీ నోటికొస్తుంది.