రెండు గంటల టేపులో ఒక్క కేక

"...ఆ ఒక్క కేక కత్తిరించి పంపితే మీదేం పోయింది? వాళ్లడిగింది పాటలేగా!" అంది భార్య.

లిఫ్టు మెకానిక్‌గా పనిచేసిన భర్త టేపును డబ్బాలో పెట్టి మూత బిగించాడు. పాతికేళ్ల కిందట, విదేశంలో పనిచేసేటప్పుడు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చెవులు హోరెత్తించే హెవీ మెటల్ సంగీత కచేరీకి వెళ్లి, చొక్కాలో దాచిన రికార్డరుతో చేసిన టేపు అది. ఆ బ్యాండు అభిమానులు ఇప్పుడు దానికోసం ఉత్తరాలు రాస్తున్నారు.

మొదటి పాటకే తమ్ముడు, "అన్నయ్యా, ఆ డ్రమ్ముల వాణ్ణి చూడు!" అని అరిచాడు. రికార్డింగు పాడవుతుందని అతను తమ్ముడి తొడ గిల్లాడు. ఆ తర్వాత రెండు గంటలూ వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు.

నిరుడు గొంతు ఆపరేషన్‌తో తమ్ముడికి మాట పోయింది. వాడి గొంతు ఇంకెక్కడా రికార్డు కాలేదు.

"ఈ పాటల గోలకోసం వాడి నోరు మూయించాను," అన్నాడతను.

"అప్పుడు మీకేం తెలుసు?"

"టేపు ఎవరికీ పంపను. రేపు తీసుకెళ్లి వాడి కూతురికిస్తాను."